గడ్డం ఒకటే, రేజర్లు ఆరు

బావగారి దగ్గర ఆరు రేజర్లున్నాయి. బావమరిది దగ్గర ఒక్కటే. పండక్కి కలిసినా పెళ్ళిలో కలిసినా ఈ విషయం మీద ఓ గంట వాదించుకోకుండా ఆ ఇద్దరూ లేవరు.

బావగారు విజయవాడ పక్కన రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. బావమరిదిది హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం. గడ్డం విషయంలో ఇద్దరిదీ పాత పద్ధతే. మూడంచుల, ఐదంచుల కార్ట్రిడ్జి రేజర్లూ, డబ్బా నొక్కితే వచ్చే నురగా, చార్జింగ్ ట్రిమ్మర్లూ ఇద్దరికీ పడవు. కప్పులో సబ్బు, బ్రష్షు, రెండంచుల బ్లేడు, చివర పటిక ముక్క. ఇంతవరకూ పేచీ లేదు. ఆ బ్లేడు దేంట్లో బిగించాలన్న దగ్గరే చెడింది. వరసగా రెండు రోజులు ఒకే రేజరు పట్టకూడదని బావగారు. పట్టిన రేజరు విడవకూడదని బావమరిది.

ఈ సంక్రాంతికి బావగారింట్లో, వాష్‌బేసిన్ పక్క గూట్లో వరసగా నిలబెట్టినవాటిని చూసి బావమరిదే కదిపాడు.

"ఇది గూడా, ఆయుధాగారమా బావగారూ?"

"దేని పని దానిదోయ్. నీకు చెప్పినా ఎక్కదు."

"అన్నిటి పనీ ఒకటేగా, గడ్డం గీయడం!"

"ముందసలు కత్తికి విశ్రాంతి అనేదొకటుంది, తెలుసా? మా ఊళ్ళో గడ్డాలు గీసే పెద్దాయన పొదిలో రెండు మూడు కత్తులుండేవి. పొద్దున వాడినదాన్ని సాయంత్రం ముట్టేవాడు కాదు. ఆయన్ని వదిలేయ్. ఇంగ్లండులో షెఫీల్డు, జర్మనీలో సోలింగెన్... కత్తులకి పేరుమోసిన ఊళ్ళు. అక్కడ వారం పెట్టెలని చేసి అమ్మేవాళ్ళు. పెట్టెలో ఏడు మంగలికత్తులు, ఒక్కోదాని వీపు మీద ఒక్కో వారం పేరు. సోమవారం కత్తి సోమవారానికే. డబ్బులెక్కువై కొన్నారంటావా?"

డబ్బులెక్కువైనవాళ్ళే కొన్నారు, అది వేరే సంగతి. వారం పెట్టెలు మాత్రం కట్టుకథ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో బాగా నడిచాయి, పాత సామాన్ల వేలంపాటల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. గీసీ గీసీ కత్తి అలిసిపోతుందనీ, నాలుగు రోజులు పక్కనబెడితే ఉక్కు తేరుకుంటుందనీ అప్పట్లో నమ్మేవారు. ఆ నమ్మకం ఎలా ఉన్నా, వాడుకలో లాభం ఉంది. మంగలికత్తిని వాడబోయే ముందు తోలుపట్టీ మీద రాయాలి, అప్పుడప్పుడూ సానరాయి ఎక్కించాలి. ఏడు కత్తులుంటే ఒక్కో కత్తికి సాన పట్టాల్సిన రోజు అంత దూరం జరుగుతుంది. పైగా అవి తుప్పు పట్టే రకం ఉక్కువి. వారం పాటు పక్కనుంటే పిడి సందుల్లోని తడి కూడా ఆరిపోతుంది.

బావమరిది కాదనలేదు.

"వాళ్ళు తెలివైనవాళ్ళే బావగారూ. కానీ వాళ్ళు రోజూ మార్చింది అంచుని. మీరు మారుస్తున్నది పిడిని."

తగవంతా ఈ ముక్కలోనే ఉంది. అంచూ పిడీ ఒకదాన్నొకటి ఎప్పుడు వదిలాయో చూస్తేనే ఇందులో ఎవరి మాట నిలుస్తుందో తెలుస్తుంది.

అవి విడిపోయింది అమెరికాలో. కింగ్ క్యాంప్ జిలెట్ సీసా మూతలు తయారుచేసే కంపెనీలో సేల్స్‌మన్. ఒకసారి వాడి పారేసి జనం మళ్ళీ కొనుక్కునే వస్తువేదైనా కనిపెట్టమని ఆ మూతని కనిపెట్టిన పెద్దమనిషే ఆయనకి సలహా ఇచ్చాడట. 1895లో ఓ పొద్దున మొద్దుబారిన కత్తితో కుస్తీ పడుతుంటే జిలెట్‌కి దారి దొరికింది: కత్తిలో పనిచేసేది అంచొక్కటే, మిగతా ఇనుమంతా దాన్ని మోయడానికే కదా! అంచుని మాత్రం పల్చటి రేకుగా చేసి విడిగా అమ్మితే? అంత పల్చటి ఉక్కుకి పదును నిలవదని తెలిసినవాళ్ళందరూ కొట్టిపారేశారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు కొన్నేళ్ళు తంటాలు పడి ఆ రేకుని గట్టిపరిచే యంత్రాలు చేసిపెట్టాడు. అమ్మకాలు మొదలైన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లే 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. ఇళ్ళకి తిరిగొచ్చిన సైనికులు ఆ అలవాటుని వెంట తెచ్చుకున్నారు.

మిల్లీమీటరులో పదో వంతు మందం ఉండే ఆ రేకుతో సాన పట్టే బాధ పోయింది. పదును పోతే పారేయడమే. వారం పెట్టెలో ఏడు కత్తులు చేసే పని కాగితంలో చుట్టిన బ్లేడ్ల పొట్లం చేస్తోంది. అంచుని మార్చడం కోసం పుట్టిన అలవాటు అంచుతోనే పోవాలి. బావగారి గూట్లో అది పిడిని పట్టుకుని వేలాడుతోంది.

"అయితే లోహానికి అలుపే లేదంటావా?" బావగారికి వర్క్‌షాపు గొంతు వచ్చేసింది. "ఏళ్ళ తరబడి ఇరుసులు చూశానోయ్. పైకి అద్దంలా ఉంటుంది. అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తే లోపల పగులు. తిరిగీ తిరిగీ అలిసిపోయిన ఇనుమది. వోలర్ అని జర్మనీ రైల్వేల్లో పనిచేసినాయన, 1860లకే ఇరుసుల మీద ఈ పరీక్షలన్నీ చేసి లెక్కలు రాశాడు."

"ఒప్పుకున్నాను. ఆ ఇరుసుని నెల్రోజులు షెడ్డులో పడుకోబెడితే పగులు పూడుతుందా?"

బావగారు కాఫీ గ్లాసు అందుకున్నారు. పూడదని ఆయనకంటే ఎవరికి తెలుసు? పగులు తేలిన ఇరుసుని తీసి పక్కన పడేయడమే అక్కడి పద్ధతి. దానికి సెలవిచ్చి మళ్ళీ డ్యూటీ వేసే పద్ధతి ఏ వర్క్‌షాపులోనూ లేదు.

బ్లేడు ఎలా పాడవుతుందో 2020లో అమెరికాలోని ఎమ్మైటీవాళ్ళు దగ్గరగా చూశారు. ఉక్కు కంటే వెంట్రుక దాదాపు యాభై రెట్లు మెత్తన. అలాంటిది ఉక్కుని ఎలా పాడుచేస్తుందన్నది వాళ్ళ ప్రశ్న. జాన్‌లూకా రోషోలీ అనే పరిశోధకుడు తన గడ్డం తనే గీసుకుంటూ, ఆ బ్లేడ్లని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. అంచు అరిగి గుండ్రబడి ఉంటుందనుకుంటే, అక్కడక్కడ చిన్న చిన్న పెచ్చులు ఊడి కనిపించాయి. వెంట్రుక వంగి బ్లేడుకి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం సమంగా లేని చోట, పగులు పుట్టి పెచ్చు లేస్తోందని తేల్చి 'సైన్స్' పత్రికలో అచ్చువేశారు. ఊడిన పెచ్చు రాత్రికి రాత్రి అతుక్కోదు. విశ్రాంతి సిద్ధాంతాన్ని బావగారు ఇకనైనా వదులుకోవాలి.

వదులుకున్నారు కూడా, ఒప్పుకున్నట్టు కనపడకుండా. గూట్లోంచి రెండు రేజర్లు తెచ్చి బల్లమీద పక్కపక్కన పెట్టారు. ఒకటి ఆయన తండ్రి వాడిన జిలెట్ టెక్. 1930ల చివర్లో మొదలై దశాబ్దాల పాటు అమ్ముడైన మోడల్. నికెల్ పూత పోయి, వేళ్ళు పట్టే చోట ఇత్తడి బయటపడింది. రెండోది జర్మనీలో సాక్సనీ ప్రాంతం నుంచి వచ్చే మ్యూలే ఆర్41.

"పిడి పిడి అంటున్నావు. తల సంగతేంటి? అంచుకీ చర్మానికీ మధ్య ఏముందో చూడు."

టెక్‌లో బ్లేడు కింద అడ్డంగా ఓ గట్టు ఉంటుంది, నున్నగా. బ్లేడంచు దాని మీంచి కొద్దిగా తొంగిచూస్తుంది, అంతే. ఆర్41లో గట్టు ఉండదు, దువ్వెన పళ్ళుంటాయి. పళ్ళ మధ్య సందులు. అంచు బాగా బయటికొచ్చి కూచుంటుంది. ఒకే పొట్లంలోంచి రెండు బ్లేడ్లు తీసి రెండిట్లో బిగిస్తే, టెక్ బుగ్గ మీద ఉందో లేదో తెలియదు. ఆర్41 గీస్తుంటే పక్క గదిలోకి వినిపిస్తుంది. గట్టుకీ బ్లేడుకీ మధ్య ఖాళీ ఎంత, అంచు ఎంత బయటికొచ్చింది, ఏ వాలులో కూచుంది... రేజరు మెత్తనిదా, మొరటుదా అన్నది ఈ మూడూ కలిసి తేలుస్తాయి. మూడూ మిల్లీమీటరులో చిన్న చిన్న భాగాల్లో ఉండే కొలతలే. ఫిట్టరు కళ్ళకి అవి ఆనినంతగా బ్యాంకు కళ్ళకి ఆనవని బావగారి ఫిర్యాదు.

"ఇప్పుడు మన వారం లెక్క చెప్పు. మంగళవారం కత్తి ముట్టవు. శుక్రవారం మీ అక్క ఒప్పుకోదు. శనివారం వెంకన్న. గురువారం గీస్తే మళ్ళీ ఆదివారమే కదా?"

"మా ఇంట్లోనూ అంతే."

"సోమవారం నాడు గడ్డం వయసు ఒక్క రోజు. బుధవారం నాడు రెండు. ఆదివారం నాడు మూడు. మూడూ ఒకే గడ్డమా?"

ఇది షెఫీల్డువాళ్ళకి తట్టని లెక్క. బావగారి వాదనలో అన్నిటికంటే బలమైనదీ ఇదే. గడ్డం రోజుకి సుమారు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. రోజూ గీసుకునేవాడి రేజరుకి ఎప్పుడూ ఒకటే పొడవు తగులుతుంది. తెలుగిళ్ళలో వారాలు పాటించేవాడికి వారంలోనే మూడు పొడవులు. ఆదివారం నాటి మిల్లీమీటరు వెంట్రుకలు నురగతో కలిసి, గట్టు ఉన్న రేజరులో సందుకి అడ్డంపడతాయి. రెండు గీతలకోసారి కడగాలి. దువ్వెన తలలో అవి పళ్ళ మధ్యనుంచి జారిపోతాయి.

"అందుకని ఆదివారం ఆర్41. సోమవారం టెక్. బుధవారానికి ఇది." మూడోది తీశారు. లావుపాటి పిడి వల్ల సేకరించేవాళ్ళు ముద్దుగా ఫ్యాట్ బాయ్ అని పిలుచుకునే జిలెట్ అడ్జస్టబుల్. తల కింద మెడ దగ్గర ఓ చక్రం, దాని చుట్టూ 1 నుంచి 9 దాకా అంకెలు. చక్రం తిప్పిన కొద్దీ బ్లేడు కింద ఖాళీ పెరుగుతుంది. పిడి అడుగున ఉన్న మర తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకుంటాయి, బ్లేడు అందులో పెట్టి మూసేయడమే. తల అడుగున భూతద్దానికి గాని అందని ముద్ర, ఎఫ్2. అంటే 1960లో రెండో మూడు నెలల్లో తయారైంది. అరవయ్యేళ్ళు దాటినా చక్రం అంకె అంకెకీ ఆగుతూ, పొల్లు చప్పుడు లేకుండా తిరుగుతుంది. ఆ రోజుల పనితనం గురించి బావగారు చెప్పడం మొదలుపెడితే ఆపేవాళ్ళుండరు.

బావమరిది ఆపాడు. "ఈ ఒక్కదాంట్లోనే తొమ్మిది రేజర్లున్నాయి కదా బావగారూ. ఒకటో అంకెకి సోమవారం, తొమ్మిదికి ఆదివారం. మిగతా ఐదూ దేనికి?"

జవాబు రాలేదు. చక్రం మాత్రం ఐదు మీంచి ఆరుకీ, ఆరు మీంచి ఐదుకీ తిరిగింది. గూట్లో ఇంకా పార్కర్ రెక్కల రేజరు ఉంది. మనదేశంలోనే తయారై విదేశాలకి ఎగుమతయ్యే సరుకు. జపాన్ ఫెదర్ కంపెనీ స్టీలు రేజరు ఉంది. సోలింగెన్ మంగలికత్తి ఉంది. దాన్ని బావగారు నెలకోసారి, ఇంట్లో ఎవరూ పలకరించని వేళ చూసి తీస్తారు. ఇవన్నీ ఏ వారం గడ్డానికీ అవసరం కావు. ఇష్టమై కొన్నారు. సేకరించేవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది: ఇష్టం అని ఒక్క మాట చెప్తే అక్కడితో తేలిపోయేదానికి ఉక్కు శాస్త్రం నుంచి సాక్ష్యాలు పట్టుకొస్తారు.

అలాగని ఒంటి రేజరు పక్షం గెలిచేసినట్టు కాదు. బావమరిదిది మెర్కూర్ 34సి, సోలింగెన్ సరుకు. పొట్టి పిడి, రెండే ముక్కలు, అరచేతిలో బరువుగా కూచుంటుంది. పెళ్ళయిన కొత్తలో కొన్నాడు.

"చెయ్యి నేర్చుకునేది ఒక్కసారే బావగారూ. బుగ్గకి ముప్ఫై డిగ్రీల వాలు అంటారు. నేనెప్పుడూ కొలవలేదు. పిడి ఎక్కడ పట్టుకుంటే ఆ వాలు వస్తుందో వేళ్ళకి తెలుసు. నా గొంతు ఎడంపక్క వెంట్రుకలు కిందికి వాలవు, చెవి వైపు తిరుగుతాయి. అక్కడ రేజరు అడ్డంగా తిప్పాలి. అద్దం చూడకపోయినా చెయ్యి దానంతటదే తిరుగుతుంది. మీరు రోజుకో బరువు, రోజుకో పొడవు, రోజుకో వాలు. చెయ్యికి ఏం గుర్తుంటుంది?"

"నాకేం తెగట్లేదే!"

"దసరాకి మెడంతా కందిపోయి పటిక రుద్దుకుంటూ కూచున్నది ఎవరు? ఆ వారం కొత్త రేజరు, కొత్త రకం బ్లేడు, మావాడు తెచ్చిచ్చిన కొత్త సబ్బు. ఏది కాల్చింది?"

"సబ్బే."

"అప్పుడు బ్లేడన్నారు."

బ్లేడ్ల సంగతికొస్తే బావమరిది పద్ధతి వినదగ్గది. కొత్తలో అతనూ రకరకాలు వాడిచూశాడు. ఫెదర్ చాలా పదును, అతని గొంతుకి పడలేదు. టోపాజ్ మొదటి రోజు కరుకనిపించి రెండో రోజుకి దారికొచ్చింది. రేజరు అదే, సబ్బు అదే, బ్లేడొక్కటే మారింది కాబట్టి తేడా ఎక్కడిదో అనుమానం లేకుండా తెలిసింది. ఆ మాటకొస్తే ముఖానికి తగిలేది బ్లేడే. రేజర్లు మార్చి మార్చి అలిసినవాళ్ళలో చాలామంది ముందు బ్లేడు మార్చి చూడాల్సినవాళ్ళే.

"అంటే బ్లేడు మారిస్తే బుద్ధిమంతుడు, రేజరు మారిస్తే వెర్రివాడా?" బావగారు దెబ్బ కాచుకుని మరీ తిప్పికొట్టారు. "సర్లే. డిసెంబర్లో మాల తీశావే, అప్పుడేమైందోయ్ నీ మెర్కూర్?"

అయ్యప్ప మాల నలభై ఒక్క రోజులు. రోజుకి మూడో వంతు చొప్పున గడ్డం సెంటీమీటరు దాటిపోయింది. శబరిమల నుంచి దిగాక బావమరిది సరాసరి సెలూన్‌కి పోయిన సంగతి కుటుంబమంతటికీ తెలుసు.

"మీ ఆరూ ఉన్నా ముందు కత్తెరే పడాలి. అయినా మంచి మాట ఎత్తారు. సెలూన్‌లో ఏం చూశానో చెప్తా వినండి."

అతను చూసింది అందరం చూసేదే. సెలూన్ ఆయన పొట్లంలోంచి కొత్త బ్లేడు తీస్తాడు. కాగితం విప్పకుండానే రెండు వేళ్ళతో పొడుగునా మడుస్తాడు. టక్కుమని రెండు ముక్కలవుతుంది. ఒక ముక్కని ఉస్తరాలో దోపి, రెండో ముక్కని కాగితంతో సహా అద్దం అంచున పెడతాడు. ఇదంతా కుర్చీలో కూచున్నవాడికి కనపడేలా చేస్తాడు. ఎయిడ్స్ గురించి ప్రచారం జోరుగా సాగిన 1990ల నుంచి కొత్త బ్లేడేనా అని అడగడం ఊళ్ళలో కూడా మామూలైంది. మనిషి మారితే బ్లేడు మారాలి. అంచు వేసి మార్చుకునే ఉస్తరా వాడుకలో పాతుకుపోవడానికీ, తోలుపట్టీ గోడ దిగిపోవడానికీ ఇది పెద్ద కారణం.

"రోజుకి ముప్ఫై గడ్డాలు బావగారూ. ముప్ఫై సార్లు అంచు మారుతుంది. పిడి ఒక్కటే. ఆయన చేతిలో ఎవరికైనా తెగుతోందా?"

"ఆయనకి విద్య ఉంది."

"ఎలా వచ్చింది? ఒక్కటే పట్టుకుంటే వచ్చింది."

"కాదోయ్. ముప్ఫై ముఖాలు గీస్తే వచ్చింది. ఒక్కడి బుగ్గ గరుకు, ఇంకొకడి బుగ్గ గుంట, మూడోవాడికి మొటిమలు. ఆయన చెయ్యి రోజుకి ముప్ఫై సార్లు సర్దుకుంటుంది. నాకున్నది ఒక్క ముఖం. సర్దుకోవడం నేర్చుకోవాలంటే రేజర్లు మార్చక ఏం మార్చను?"

ఈ దెబ్బకి బావమరిది నవ్వేశాడు. వాదనగా చూస్తే ఇందులో పస ఉంది. ఒక్క రేజరుకి అలవాటుపడ్డ చెయ్యి ఆ రేజరు పోయిననాడు కొత్తదానితో తడబడుతుంది. మెర్కూర్ తల జింకు కలిసిన మిశ్రమంతో పోతపోసినది. మరీ బిగించినా, పూత పోయి లోపలికి తుప్పు చేరినా మర విరుగుతుంది. ఇత్తడి టెక్ తండ్రి తర్వాత కొడుక్కి వచ్చినట్టు ఇది వస్తుందని చెప్పలేం. అయితే రెండో రేజరు ఒకటి దగ్గరుండాలన్నంత వరకే దీని బలం. ఆరింటికి సరిపోదు.

"డల్లాస్‌లో ఆర్నెల్లున్నారు కదా. ఎన్ని పట్టుకెళ్ళారు?"

బావగారి కొడుకు అక్కడ ఉంటాడు. బ్లేడు బిగించిన రేజరుని విమానంలో చేతిసంచిలో రానివ్వరు. పెద్ద పెట్టెలో పడేస్తే ఎక్కడ పోతాయోనని ఆయన టెక్ ఒక్కటే తీసుకెళ్ళారు.

"ఒక్కటే. అయితే?"

"ఆర్నెల్లూ గడ్డం ఏమైనా అలిగిందా?"

"మూడో వారానికే విసుగొచ్చింది. ఫ్యాట్ బాయ్ అక్కడి పాత సామాన్ల కొట్లో దొరికిందే."

ఇక్కడ విసుగు అన్నారు, అలుపు అనలేదు. బావమరిది అది పట్టుకుని ఉంటే పొద్దుటినుంచీ నడుస్తున్న సగం తగవు తీరేది. అప్పటికే అతని దృష్టి గూటి మీదికి పోయింది. దాదాపు ప్రతి రేజరు కిందా ఒక కాగితం ముక్క, దాని మీద పెన్సిల్ గీతలు. ఏ బ్లేడు ఎన్ని గడ్డాలు చేసిందో బావగారి లెక్క. ఇన్ని రేజర్లలో ఇన్ని వయసుల బ్లేడ్లుంటే ఈ బాధ తప్పదు. పార్కర్ కింద కాగితం లేదు. బావమరిది దాని అడుగు మర తిప్పాడు. రెక్కలు సగం తెరుచుకుని మొరాయించాయి. వేలితో లేపితే లోపల బ్లేడు చుట్టూ ఎండిపోయిన సబ్బు, దాని మీద తెల్లటి పొక్కు.

"ఇది ఎప్పటిది?"

"బోరు నీళ్ళోయ్. ఉప్పు పేరుకుంటుంది."

"మాదీ బోరే. మెర్కూర్ తల ఊడదీసి కుళాయి కింద పెడితే అయిపోయింది. ఇన్ని మరలున్న వాటిని వారానికోసారి తీస్తే ఇలాగే ఉంటుంది మరి."

బోరు నీళ్ళు రెక్కల రేజర్లకి నిజంగానే శత్రువు. నిమ్మరసంతో ఆ పొక్కు పోతుంది గాని, మర్చిపోయి నానబెడితే పూత కూడా దెబ్బతింటుంది. బ్లేడు మాత్రం తుప్పు పట్టలేదు. అది స్టెయిన్‌లెస్ మహిమ. 1960ల మొదట్లో విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ స్టెయిన్‌లెస్ బ్లేడ్లు తెచ్చి జిలెట్‌ని హడలగొట్టేదాకా బ్లేడంటే కార్బన్ ఉక్కే. గీసుకున్నాక తుడిచి ఆరబెట్టకపోతే తెల్లారేసరికి ఎర్రబడేది. బావగారి తండ్రి పాత బ్లేడుని గాజుగ్లాసు లోపలి గోడకి వేలితో అదిమి, అటూ ఇటూ రుద్ది ఇంకో రెండు గడ్డాలు లాగేవాడు. ఒకటే రేజరు, దాదాపు ఒకటే బ్లేడు. ఆ ఇంట్లో ఈ చర్చకి తావే ఉండేది కాదు.

అక్కయ్య అప్పటికి రెండుసార్లు టిఫినుకి పిలిచింది. మూడోసారి ఖాళీ బోర్న్‌విటా డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఆరైనా ఒకటైనా పారేసే బ్లేడ్లు మాత్రం ఇద్దరివీ అన్నే. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తారు. మొన్న చెత్తబండి ఆమె వేలు తెగింది. ఇక మీద ఇందులో వేయండి."

ఇద్దరి దగ్గరా దీనికి ఎదురుమాట లేదు. మునుపు వాడేసిన బ్లేడు ఇంట్లోనే తిరిగేది. పిల్లల పెన్సిళ్ళు చెక్కడానికి సగం, కుట్టు విప్పడానికి సగం. ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. అమెరికాలో పాత ఇళ్ళల్లో బాత్రూము అద్దం అలమరకి వెనక సన్నటి చీలిక ఉండేదని బావగారు చెప్పారు. బ్లేడు అందులో వేస్తే గోడ లోపలికి పడిపోయేది. అరవై డెబ్భై ఏళ్ళ తర్వాత మరమ్మతుకి గోడ పగలగొట్టినవాళ్ళకి గుట్టలు గుట్టలుగా దొరుకుతుంటాయి. బావమరిది నమ్మలేదు, ఆయన ఒట్టు పెట్టుకున్నారు.

డబ్బా మూతకి హుండీలా ఓ చీలిక కోయాలన్నది బావగారి ఆలోచన. కోసి మూత అతికించేస్తే, నిండాక పాత ఇనుప సామాన్లవాడికి అలాగే ఇచ్చేయొచ్చు. హాక్సా తెచ్చి కూచున్నారు. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతేననీ, హాక్సా కోత మిల్లీమీటరు ఉంటుందనీ, డబ్బా తలకిందులైతే బ్లేడ్లు అదే దారిన బయటికొస్తాయనీ బావమరిది అడ్డుపడ్డాడు. ఇంతకంటే సన్నగా కోసే రంపాలు తన దగ్గర మూడు రకాలున్నాయని చెప్పి బావగారు టూల్‌బాక్సు కోసం లేచారు.